మూడో ముద్ద

ఈ చలికాలంలో మా అమ్మ బాత్రూము గడప దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. వనపర్తి దవాఖానలో మోచేతి దాకా సిమెంటు కట్టు వేసి, ఆరు వారాలు కదపొద్దని చెప్పి పంపించారు. ఆమెకు ఎనభై దాటాయి. ఈ మధ్య మతిమరుపు కూడా ముదిరింది. ఒకరోజు నన్ను మా చెల్లెలు సుజాత అనుకుంటుంది. ఇంకోరోజు ఎప్పుడో పోయిన తన తల్లి, మా అవ్వ అనుకుని, చేయని తప్పులకు సంజాయిషీ చెప్పుకుంటుంది. ఇంటికి తెచ్చిన రోజు మధ్యాహ్నం జొన్నరొట్టెను పుంటికూర పప్పులో మెత్తగా చిదిమి పళ్ళెం ముందు పెట్టాను, ఎడమ చేతికి చెంచా ఇచ్చాను. ఆమె చెంచాను చూసింది, ఎడమ చేతిని చూసుకుంది, చెంచాను మెల్లగా నేల మీద పెట్టేసింది. "ఎడమ చెయ్యితోటి తింటే ఏమైతదమ్మా, ఎవరు సూడొచ్చిండ్రు?" అన్నాను. "నేను సూస్తలేనా?" అంది. ఆకలేస్తోందని మొహంలో తెలుస్తూనే ఉంది. అయినా పళ్ళెం ముందు అట్లాగే కూర్చుంది.

కట్టు కట్టిన కుడి చెయ్యి, ఎదురుగా నిండు పళ్ళెం, తినని మనిషి. ఇది నేను ఇంతకు ముందు చూశాను. ఈ ఇంట్లో కాదు, ఈ దేశంలో కూడా కాదు. ఆ పూట నేనే కలిపి తినిపించి, మూతి తుడిచి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నానో లేదో, ఎక్కడి నుంచో కాఫీ గింజలు వేగుతున్న పొగ వాసన వచ్చింది. మా కాలనీలో కాఫీ గింజలు వేయించే ఇల్లు ఒక్కటీ లేదు. నా ముక్కు తన మానాన తాను వెనక్కి నడిచి పోయిందన్నమాట. నేనూ దాని వెంట పోయాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా నాయిన వనపర్తిలో లెక్కల సారు. ఇథియోపియాలో కొత్తగా బడులు తెరుస్తూ మన దేశం నుంచి సార్లను పిలిపించుకుంటున్న రోజులవి. నాయిన ఎక్కడో ఢిల్లీలో ఎవరికో జవాబులు చెప్పి వచ్చాడు, కొన్ని నెలలకు మేం నలుగురం బొంబాయిలో విమానం ఎక్కాం. పక్కనున్న బిజినేపల్లి దాటితేనే పరదేశం అనుకునే మా అమ్మ, విమానం లేచిన దగ్గర్నుంచి దిగేదాకా కళ్ళు మూసుకుని నా మోకాలు పట్టుకుని కూర్చుంది. మేం కాపురం పెట్టిన ఊరు హరార్ వైపు కొండల మీద ఉండేది. దాన్ని మొన్న ఫోనులో మ్యాపు తెరిచి వెతికాను, దొరకలేదు. దొరక్కపోవడమే న్యాయం అనిపించింది. పొద్దున లేస్తే ముంగిట్లో మంచు తప్ప ఏమీ కనిపించేది కాదు. కాసేపటికి మంచులోంచి ముందు నీలగిరి చెట్ల కొసలు, తర్వాత గాడిదల చెవులు, ఆ తర్వాత తెల్లటి పలుచని బట్ట నెత్తి మీదుగా కప్పుకుని నడిచిపోయే ఆడవాళ్ళు ఒకరొకరుగా బయటపడేవారు. నేనింకా నిద్రలోనే ఉన్నానా అని చాలాసార్లు గిల్లి చూసుకున్నాను.

అమ్మకు మాత్రం ఆ మంచులో అందమేమీ కనపడలేదు. ఆమెకు నీలం రంగు రేకు పెట్టె ఒకటి ఉండేది, పెళ్ళినాటిది. దాన్ని ఆమె ఖాళీ చేయలేదు. ఇంట్లో గోడకు చెక్క బీరువా ఉన్నా సరే, రోజూ పొద్దున పెట్టె తాళం తీసి ఒక చీర తీసుకునేది, నిన్నటిది ఉతికి మడతపెట్టి మళ్ళీ పెట్టెలోనే పెట్టి తాళం వేసేది. మా గౌన్లు కూడా అందులోనే. రేపు పొద్దున బస్సు ఉందన్నట్టుగా ఉండేది మా సంసారం. నాయినతో ఆమె నేరుగా మాట్లాడేది కాదు. ఖిల్లా ఘణపూర్‌లో వాళ్ళ పుట్టింట్లో ఆడవాళ్ళ పద్ధతి అది. ఎదురుగా ఆయన కూర్చుని ఉన్నా, "పద్మా, మీ నాయినకు చెప్పు, గోదుమ పిండి ఒడిసింది. గీ ఊళ్ల ఉప్పు గూడ ఉప్పగ లేదని చెప్పు" అనేది. నేను చెప్పే లోపల ఆయనే, "ఇన్న, ఇన్న" అనేవాడు. నా చిన్నతనమంతా ఇట్లా అక్కరలేని కబురుమోతు ఉద్యోగం చేశాను.

మా ఇంటి యజమానురాలు అల్మాజ్ అదే వాకిట్లో వెనక ఇంట్లో ఉండేది. భర్త పోయాడు, కొడుకు అడిస్ అబాబాలో కొలువు. అమ్మ కంటే పదేళ్ళు పెద్దదేమో, మనిషి పొడుగు, నవ్వితే ముందు పన్నుకు పక్కన సందు కనిపించేది. మధ్యాహ్నం దాటాక ఆమె గదిలో నేల మీద పచ్చిగడ్డి పరిచి, చిన్న కుంపటి ముట్టించి, పచ్చి కాఫీ గింజలు రేకు మూకుడులో వేయించేది. పొగ లేస్తుంటే మూకుడు పట్టుకుని వచ్చి, కూర్చున్నవాళ్ళ మొహాల వైపు చేత్తో విసిరేది. దంచి, నల్లటి కూజాలో కాచి, పిడిలేని చిన్న గిన్నెల్లో పోసేది. వాళ్ళు దాన్ని బున్నా అంటారు. అదే పొడిని మూడుసార్లు కాచి మూడుసార్లు పోస్తారు. మా అమ్మ ఒక గిన్నె తాగి, పనుందని లేచి వచ్చేసేది. మూడూ తాగకుండా లేవడం అక్కడ ఎంత మోటుతనమో మాకు ఎవరూ చెప్పలేదు. అల్మాజ్ కూడా చెప్పలేదు. మర్నాడు మళ్ళీ పిలిచేది.

ఇక్కడ మా అవ్వ సంగతి చెప్పాలి. ఊరు విడిచే రోజు ఖిల్లా గుట్ట కింద వాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చుని, మా అమ్మ కుడి చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. "దేశంగాని దేశం పోతున్నవ్. ఎవ్వరి ఎంగిలి ముట్టనని చెప్పు. ఒట్టు తప్పితివా, నా నెత్తి పగులుతది" అంది. అమ్మ ఏడుస్తూ చెప్పింది. ఆ ఇంట్లో ఎంగిలి అంటే నిప్పు. ఒకరు తాగిన చెంబు ఒకరు ఎత్తిపెట్టుకునే తాగాలి. ఒకరి పళ్ళెంలో చెయ్యి ఇంకొకరిది పడకూడదు. కూలికి వచ్చినవాళ్ళకు బువ్వ ఎక్కడ పెట్టేవారో, ఎంత ఎత్తు నుంచి వేసేవారో కూడా నాకు గుర్తుంది. ఎంగిలి పేరు చెప్పి మేం ఎవరెవరిని ఎంత దూరంలో కూర్చోబెట్టామో తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం అది శుభ్రమే అనుకున్నాం.

మేం వచ్చిన మూడో నెలలో అల్మాజ్ మమ్మల్ని భోజనానికి పిలిచింది. కావాలనే శుక్రవారం పిలిచింది. ఆ రోజు వాళ్ళకు ఉపవాసం, అంటే తిండి మానరు, ఇంట్లో మాంసం వండరు. మా అమ్మ ఆవు మాంసానికి భయపడుతోందని నాయిన ద్వారా ఎప్పుడో తెలుసుకుని, ఆమెకు ఇబ్బంది ఉండకూడదని చూసి పెట్టిన రోజు అది. ఇద్దరు చుట్టాలు కూడా వచ్చారు. మధ్యలో బండి చక్రమంత పళ్ళెం, దాని నిండా మెత్తటి పుల్లట్టు. ఇన్‌జెరా అంటారు. దాని మీద కుప్పలు కుప్పలుగా పప్పు, శనగపిండి కూర, ఆకుకూర. అందరి చేతులూ ఆ ఒక్క పళ్ళెంలోకే పోయాయి. నేను, సుజాత సంబరంగా తింటున్నాం. అమ్మ తన ముందున్న అంచు ముక్క ఒకటి చేతిలో పట్టుకుని కూర్చుంది. అల్మాజ్ అది చూసింది. ఇంత అట్టు తుంచి, అందులో పప్పు పెట్టి చుట్టి, లేచి వచ్చి, నవ్వుతూ మా అమ్మ నోటి దగ్గర పెట్టింది.

అమ్మ చెయ్యి దానంతటది లేచింది. తోసేసింది. ముద్ద అమ్మ చీర కుచ్చిళ్ళ మీద పడి, అక్కడి నుంచి నేల మీద పడింది.  అల్మాజ్ వంగి, ముద్దను రెండు చేతులతో ఏరి, పక్కన పెట్టి, తన చోట్లో తాను కూర్చుంది. ఇంటికొచ్చాక నాయిన అమ్మకు నెమ్మదిగానే చెప్పాడు. "అట్ల నోట్ల పెట్టే ముద్దను గుర్షా అంటరు బాలమణీ. మనసైనోళ్లకే పెడతరు. వొద్దంటే మనిషినే వొద్దన్నట్టు." అమ్మ నా వైపు చూసి, "పద్మా, మా అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టినప్పుడు మీ నాయిన గూడ అక్కడనే ఉన్నడు గదా, అడుగు" అంది. 

మర్నాడు బున్నాకు పిలుపు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పొగ వాసన వచ్చేది, నవ్వులు వినిపించేవి, మా తలుపు మాత్రం ఎవరూ తట్టేవారు కాదు. అల్మాజ్ వాకిట్లో ఎదురైతే తల వంచి పలకరించేది, అంతే. వానలు మొదలయ్యాయి. అక్కడి వాన కురిసి వెళ్ళిపోయే రకం కాదు, వచ్చి కూర్చునే చుట్టం. బడికి సెలవులు. రేకుల మీద వాన శబ్దంలో అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, జొన్నచేల వైపు చూస్తూ ఉండేది. ఆ ఊరి చుట్టూ జొన్నలే. కంకులు ఎర్రగా ఉంటాయి, అంతే తేడా. "ఇంత జొన్న పండుతది, ఒక్కరన్న రొట్టె కొట్టుకోరు" అని నిట్టూర్చేది. తిండి తగ్గిపోయింది, మనిషి సగమైంది. ఒకనాడు నాయిన అన్నాడు: "వానలు ఎల్లనీ. నిన్నూ పిల్లల్నీ ఊరికి పంపిస్త. నేనొక్కన్ని ఎట్లనన్న ఎల్లదీస్త." అమ్మ నాతో, "పొయ్యి అంటుపెట్టుడు రాదు, ఏం ఎల్లదీస్తడో అడుగు" అంది గానీ, వద్దనలేదు.  నాకు ఆ ఊరు కావాలి, మంచు కావాలి, నాయిన కావాలి, అమ్మా కావాలి. వాన ఆగితే ఇందులో ఏదో ఒకటి పోతుంది. అందుకని రోజూ వాన ఆగకూడదని మొక్కేదాన్ని. తొమ్మిదేళ్ళదానికి అంతకంటే పెద్ద ఉపాయం తోచలేదు.

అట్లాంటి ఒక మధ్యాహ్నం అల్మాజ్ వంటపాకలో పెద్ద కేక వినిపించింది. అట్టు పోసే మట్టి పెనం పగిలి, నిప్పుల మీద చెయ్యి పడింది. నాయిన ఆమెను దవాఖానకు తీసుకుపోయాడు. కుడి చేతికి వేళ్ళు కూడా కనపడకుండా గుడ్డ చుట్టి పంపారు. సాయంత్రం చుట్టపామె వచ్చి పళ్ళెంలో ఇన్‌జెరా పెట్టి వెళ్ళిపోయింది. మా వంటింటి కిటికీ లోంచి చూస్తే అల్మాజ్ గది కనపడుతుంది. అమ్మ ఊరికే అటు చూసింది, చూస్తూ ఉండిపోయింది. పళ్ళెం ముందు అల్మాజ్ కూర్చుని ఉంది. చాలాసేపు కూర్చుంది. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకునే ఉంది. చివరికి పళ్ళెం పక్కకు జరిపి, మీద బట్ట కప్పేసింది.

"పద్మా, సూస్తివా?" అంది అమ్మ.  "ఎడమ చెయ్యి పెట్టలే. ఉపాసమన్న ఉంటది గని ఎడమ చెయ్యి పెట్టదు. మన లెక్కనే." ఆ మాట ఆమె రెండుమూడు సార్లు అనుకుంది. తర్వాత లేచి, నాయిన ఎప్పుడో తెచ్చి మూలకు పెట్టిన ఎర్రజొన్న పిండి సంచి విప్పింది. నీళ్ళు కాగబెట్టి, వేడినీళ్ళు పోసి పిండి పిసికింది. ఆ ఊరు వచ్చాక మొదటిసారి మా ఇంట్లో రొట్టె కొట్టే చప్పుడు వినపడింది. టప టప, టప టప. ఎర్రజొన్నకు జిగురు తక్కువేమో, అంచులు పగిలాయి. తడిగుడ్డతో అద్ది, కాల్చి, ఉల్లిగడ్డ కారం వేసి, వానలో నెత్తిన చేట పట్టుకుని వెళ్ళింది. నేను వెనకాలే పరుగెత్తాను. అమ్మ అల్మాజ్ ముందు కూర్చుంది, ఇద్దరి మధ్యా భాష లేదు. రొట్టె తుంచి, కారం అద్ది, ఆమె నోటి దగ్గర పెట్టింది. అల్మాజ్ ఒక్క క్షణం మా అమ్మ మొహంలోకి చూసి, నోరు తెరిచింది. రెండోది తింది. అమ్మ మిగతాది మెత్తగా కలుపుతుంటే, అల్మాజ్ ఎడమ చెయ్యి ఎత్తి మూడు వేళ్ళు చూపించింది. అప్పటికి నాకు వాళ్ళ మాట కొంచెం వచ్చు. ఒక్క ముద్ద పెడితే పగ, రెండు పెడితే దూరం, మూడు పెడితేనే చుట్టరికం అంటోంది. నేను అమ్మకు చెప్పాను. అమ్మ మూడోది పెట్టింది. కారానికి అల్మాజ్ కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. కారానికే అని నేను చాలా ఏళ్ళు నమ్మాను.

ఆ తర్వాత నెల రోజులు పూటపూటకూ అమ్మే తినిపించింది. బున్నా మూడు గిన్నెలూ కూర్చుని తాగడం నేర్చుకుంది. అయినా ఆ ఇంట్లో తాను మాత్రం ఒక్క మెతుకు ముట్టలేదు. ఒట్టు ఒట్టే. అల్మాజ్ కూడా బలవంతం చేయలేదు. వానలు వెనక్కి తగ్గి, కొండల మీద ఎక్కడ చూసినా పసుపుపచ్చని పూలు విచ్చాయి. మన తంగేడు పూసే కాలమే. ఆ వారంలోనే అల్మాజ్ చేతి కట్టు విప్పారు. కొత్త చర్మం గులాబి రంగులో మెరుస్తోంది. ఆ రోజు అల్మాజ్ వాకిట్లో అందరి ముందూ కూర్చుని, ఆ చేత్తో మొదట తన పళ్ళెంలోంచి తాను ఒక ముక్క తింది. తర్వాత అదే పళ్ళెంలోంచి ఒక ముద్ద చుట్టి పట్టుకుంది. లేచి రాలేదు. చెయ్యి చాపి, చాపిన చోటనే ఆపింది.  నాయిన తల దించుకున్నాడు. అమ్మ నా వైపు చూసింది, ఈసారి ఎవరికీ ఏమీ చెప్పమనలేదు. "అమ్మా, జర తప్పు కాయి" అని మెల్లగా అనుకుని, నాలుగడుగులు నడిచి వెళ్ళి, వంగి, నోరు తెరిచింది. మూడు ముద్దలు తింది. ఇంటికి వచ్చి నీలం పెట్టె తాళం తీసి, చీరలన్నీ చెక్క బీరువాలో సర్దింది. గుమ్మంలో నిలబడ్డ నాయినతో నేరుగా, నా మధ్యవర్తిత్వం లేకుండా అంది: "ఊరికి పంపిస్తనని మల్ల అంటివా, సూడు."

ఆ మరునాడు నా చేత అవ్వకు ఉత్తరం రాయించింది. "ఎంగిలి తిన్న అని రాయి. దాచిపెట్టకు" అంది. జవాబు వచ్చేదాకా ఆమె పడ్డ పరేషాన్ అంతా ఇంతా కాదు. అవ్వ నెత్తి నొచ్చినట్టు కలలు వచ్చాయి. నెలన్నరకు ఊరి బడిపంతులు చేతిరాతలో, అవ్వ గొంతుతో జవాబు వచ్చింది. "నా నెత్తికేం గాలే, రాయి లెక్క ఉంది. తిన్నవు మంచిది. గని ఆమె చెయ్యి ఎట్లుందో రాయకపోతివి. ఒంటి మనిషి, ఎవరు వొండి పెడుతుండ్రు? అది రాయాలె గద, అకల్ లేదా నీకు, తెల్వి లేదా?" అమ్మ ఆ ఉత్తరాన్ని నాతో నాలుగుసార్లు చదివించుకుని, నాలుగుసార్లూ ఏడ్చి, నాలుగోసారి చివర్లో నవ్వింది.

నాలుగేళ్ళు ఉన్నాం అక్కడ. వచ్చేనాడు బస్సు దగ్గర ఇద్దరూ ఒకరికొకరు తినిపించుకున్నారు, డ్రైవరు హారన్ కొడుతున్నా మూడూ పూర్తి చేశారు. కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచాయి. తర్వాత ఆ దేశంలో గొడవలు ముదిరి ఆగిపోయాయి. వానలు వెనక్కి తగ్గినప్పుడల్లా, "అల్మాజ్ ఉందో లేదో" అనేది అమ్మ. ఇప్పుడు మా కాలనీలో పెళ్ళి విందులకు పోతే పళ్ళెం చేతికిచ్చి వరుసలో నిలబెడుతున్నారు. ఎవరి చెంచా వాళ్ళది, ఎవరి నీళ్ళ సీసా వాళ్ళది. ఎంగిలి భయం పోయింది, నిజమే, పోవలసిందే. కానీ నోటి దగ్గర ముద్ద పెట్టే చెయ్యి కూడా దానితోపాటే పోయింది. నాకైతే ఈ బేరం నచ్చలేదు. ఎదురింటి ఆమె ఆపరేషనై వచ్చి పది రోజులైందని నాకు పాలవాడు చెబితే తెలిసింది. అవ్వ ఉంటే నన్ను ఏమనేదో నాకు తెలుసు. ఆ పూటే రొట్టె కాల్చి పట్టుకుపోయాను.

ఆరు వారాలూ అమ్మకు నేనే తినిపించాను. మొదటి రోజు రెండు ముద్దలు తిని, మూడోది నేను కలిపేలోపు, "ఏది?" అన్నట్టు నోరు తెరిచే ఉంచింది. మొన్న కట్టు తీశారు. చెయ్యి సన్నబడి, చర్మం పాలిపోయి ఉంది. ఇంటికొచ్చి పళ్ళెం ముందు పెట్టగానే ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మెల్లగా ఒక ముక్క తుంచి తాను తింది. తర్వాత ఇంకో ముక్క తుంచి, పప్పులో ముంచి, నా వైపు చాపింది. సగం దారిలో ఆపి, నా మొహంలోకి చూసింది. చిన్నపిల్లలా భయపడుతున్న కళ్ళు.

"తిను అల్మాజ్," అంది. "గప్పుడు తోసేసిన, తప్పైంది. మనసుల పెట్టుకోకు."

నేను పద్మనని చెప్పలేదు. వంగి నోరు తెరిచాను. రెండోది పెట్టింది, తిన్నాను. చెయ్యి అలిసిపోయి పళ్ళెం మీద వాలిపోయింది. కాసేపు ఆగి, మళ్ళీ ఎత్తింది. ఎంతసేపు పట్టినా సరే, మూడోది వచ్చేదాకా నేను నోరు మూయలేదు.